కొండ మీది మన్నత్

ఉమ్రా టికెట్లు చేతికొచ్చిన రోజు నుంచీ అమ్మీ బాకీల లెక్క మొదలుపెట్టింది. పాలావిడకు ఎప్పుడో ఇవ్వాల్సిన చిల్లర, ఖాలా కూతురి దగ్గర అడిగి తెచ్చి తిరిగివ్వని డేగ్చీ, పదేళ్ల కింద ఓ షాదీలో మాటామాటా అనుకుని పలకరింపులు మానేసిన మామూగారి కోడలు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "కహా సునా మాఫ్ కరో అమ్మా" అనడం, దుపట్టా కొంగుతో కళ్లు తుడుచుకోవడం, నా నోటుబుక్కులో ఆ పేరు మీద గీత కొట్టించడం. డెబ్భై ఏళ్ల మనిషి. అల్లా ఇంటికి భుజాల మీద ఎవరి బరువూ లేకుండా వెళ్లాలని ఆమె ఆర్జూ.

అది షాబాన్ నెల. ఇంగ్లీషు లెక్కలో ఫిబ్రవరి రెండో వారం. ఆ మూడు రోజులు, 9 నుంచి 11 దాకా, ఏలూరు రోడ్డు వైపు వెళ్లడమంటే ఏమిటో విజయవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. గుణదల మేరీమాత తిరునాళ్లు. బస్సుల్లో, ఆటోల్లో, కాలినడకన గుంపులు గుంపులుగా జనం. నా కూతురు మర్యమ్ తొమ్మిదో క్లాసు. స్కూలు ఆటో గంట లేటుగా దిగి, బ్యాగు దీవాన్ మీద పడేసి అడిగింది: "అబ్బూ, క్రిస్మస్ అయిపోయింది. ఈస్టర్ ఇంకా రాలేదు. మధ్యలో ఇదేం పండగ?"

"మేరీమాత పండగ" అన్నాను.

"అది నాకూ తెలుసు. ఈ రోజే ఎందుకు? ఈ రోజు ఏమైంది?"

నాకు జవాబు తెలియదు. పుట్టి పెరిగిన ఊరు, నలభై ఎనిమిదేళ్లు. ప్రతి ఏడూ ఆ జనాన్ని చూస్తూనే ఉన్నాను, ట్రాఫిక్‌ని తిట్టుకుంటూనే ఉన్నాను. పండగేమిటో ఎవర్నీ అడగలేదు. మన దగ్గరికొచ్చి ఎవరైనా "ముహర్రం అంటే హ్యాపీనా?" అని అడిగితే మాత్రం ఎంత నొచ్చుకుంటామో!

అమ్మీ చింతపండులో గింజలు తీస్తూ, తల ఎత్తకుండానే అంది: "ఆ కొండ దగ్గర నాదీ ఒక బాకీ ఉండిపోయింది బేటా. అదీ రాసుకో."

నా చేతిలో కలం ఆగిపోయింది.

*

1980 సంగతి అది. నాకు మూడేళ్లు, అమ్మీకి ఇరవై నాలుగు. నాకు మెదడువాపు జ్వరం. ఆసుపత్రిలో వారం దాటింది. కళ్లు తెరవడం లేదట. అబ్బా పగలంతా లేత్ మిషన్ మీద పని, రాత్రి ఆసుపత్రి వరండాలో జానమాజ్. దాదీమా తాయెత్తు తెచ్చింది, దమ్ చేసిన నీళ్లు తెచ్చింది. డాక్టరు గారు ఇంజెక్షన్లు మార్చి, ఇక మీ దేవుడికి చెప్పుకోండి అన్నాడట.

అప్పట్లో మా వరసలో ఎదురింట్లో ఒక నర్సమ్మ గారు అద్దెకుండేవారు. ఆర్‌సీఎం క్రైస్తవులు. ఆమె డ్యూటీ దిగి, అమ్మీ చెయ్యి పట్టుకుని, "రా అమ్మా, ఒక్కసారి కొండకి వెళ్లొద్దాం. అక్కడ అమ్మ ఉంది" అంది. అబ్బాకు చెప్పకుండా, నన్ను దాదీమా చేతుల్లో పెట్టి, బుర్ఖా వేసుకుని అమ్మీ వెళ్లింది. ఆ రోజు తిరునాళ్లు. "జనంలో బుర్ఖా నా ఒక్కదానికే ఉందేమో అనుకున్నాను. మెట్ల మీద ఇంకో ఇద్దరు కనిపించారు" అంది.

పైన గుహలో తెల్ల బట్టల, నీలం నడికట్టు విగ్రహం. అందరూ కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు, కొబ్బరికాయలు కొడుతున్నారు. అమ్మీకి ఏం చదవాలో తెలియలేదు. ఖుర్ఆన్ మాత్రం చిన్నప్పుడు ఉస్తానీ దగ్గర చదువుకుంది. మర్యమ్ బీ పురుటి నొప్పులతో ఖర్జూర చెట్టు కింద ఒంటరిగా కూచున్న ఆయతులు నోటికొచ్చినంత చదివింది. తర్వాత అందట, "యా అల్లా, నా బిడ్డను నాకియ్యి. మర్యమ్ బీ, నువ్వూ బిడ్డను కన్నదానివే, నువ్వూ చెప్పు. వీడు లేచి తిరిగితే వీడి జుట్టు తెచ్చి ఇక్కడే ఇస్తాను."

మూడో రోజుకు నేను కళ్లు తెరిచాను. ఇంజెక్షన్లు పనిచేశాయి. షిఫా ఇచ్చేవాడు అల్లా.

ఇంటికొచ్చాక అమ్మీ అబ్బాకు మన్నత్ సంగతి చెప్పింది. అబ్బా అరవలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను భుజానేసుకుని సందు మొదట్లో ఉన్న మంగలి దగ్గరికి తీసుకెళ్లి గుండు చేయించాడు. ఆ జుట్టు తూకానికి సరిపడా వెండి డబ్బు ఖైరాత్ ఇచ్చాడు, అఖీఖా నాడు ఇచ్చినట్టే. ఇంటికొచ్చి "అయిపోయింది" అన్నాడు. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్లూ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"జుట్టు పోయింది. మాట పోలేదు" అంది అమ్మీ. "నలభై ఆరేళ్లు. నీకు ఎప్పుడు జ్వరం వచ్చినా నా గుండె ఆ కొండకే వెళ్లేది. బాకీ పెట్టుకుని కాబా ముందు ఎలా నిలబడను?"

*

తమ్ముడు దమ్మామ్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. పక్క గదిలోంచి అంతా విన్నాడు. వచ్చి అమ్మీ ముందు కూచున్నాడు. ముఖం ఎర్రగా ఉంది.

"అమ్మీ, అది షిర్క్. మొక్కు తీర్చడం కాదు, తౌబా చెయ్యాలి. ఉమ్రా మాట తర్వాత, ముందు తౌబా."

"తౌబా రోజూ చేస్తున్నాను బేటా. చేసినా గుండెలోంచి పోవడం లేదు."

వాడి మీద నాకు కోపం వచ్చింది. కానీ నిజం చెప్పాలి, వాడు అమ్మీని అవమానించాలని అనలేదు. వాడి భయం అమ్మీ ఆఖిరత్ గురించే. నా కోపం మాత్రం దేని గురించో నాకే తెలియలేదు. నేను బతకడానికి ఒక తల్లి ఏం చేసిందో ఇన్నేళ్లకు తెలిసింది. దాన్ని వెంటనే తక్కెట్లో పెట్టి తూచడం నచ్చలేదేమో.

మర్యమ్ మా ఇద్దరినీ చూసి అంది: "ముందు అది ఏం పండగో ఎవరైనా చెబుతారా?"

*

ఆ రాత్రి ఇషా తర్వాత కూచుని చదివాను. తర్వాత వారం రోజులు చదువుతూనే ఉన్నాను. నాకు తెలిసింది చెబుతాను.

ఆ తేదీ పుట్టింది ఫ్రాన్సు దేశంలో, కొండల కింద లూర్దు అనే చిన్న ఊళ్లో. 1858 ఫిబ్రవరి 11. బెర్నదెత్ సూబిరూ అనే పద్నాలుగేళ్ల పిల్ల, చెల్లెలితో, మరో పిల్లతో కలిసి కట్టెలు ఏరుకోవడానికి వెళ్లింది. వాళ్ల నాన్నకు పిండిమర ఉండేది, అది చేజారిపోయింది. ఇల్లూ లేదు. ఒకప్పుడు జైలు గదిగా వాడిన కొట్టులో కుటుంబమంతా ఉండేవాళ్లు. పిల్లకు ఉబ్బసం. చదువు రాదు. నది ఒడ్డున ఒక గుహ దగ్గర ఆమెకు తెల్ల బట్టల్లో, నీలం నడికట్టుతో, చేతిలో జపమాలతో ఒక యువతి కనిపించిందని చెప్పింది. జూలై 16 లోపు మొత్తం 18 సార్లు.

నన్ను ఆపిన సంగతి ఒకటుంది. ఆ పిల్ల మొదట్లో "మేరీమాత కనిపించింది" అనలేదు. తన ఊరి యాసలో "అకెరో" అంది, అంటే "అది" అని. పోలీసులు గద్దించి అడిగినా, ఫాదరీ అడిగినా, తను చూసిన దానికన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. మార్చి 25న పేరడిగితే ఆ యువతి జవాబు చెప్పిందట. ఆ మాటలకు అర్థం తెలియక, మరిచిపోకుండా దారంతా వల్లె వేసుకుంటూ వెళ్లి ఆ పిల్ల ఫాదరీకి అప్పజెప్పింది. ఆ మాటలు: నేను అమలోద్భవిని.

ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను. పెళ్లి కాకుండా, మగవాడి స్పర్శ లేకుండా ఈసా అలైహిస్సలామ్‌ను కనడం గురించిన మాట అనుకుంటాం. కాదు. ఇది మర్యమ్ తన తల్లి కడుపున పడిన గడియ గురించిన మాట. కేథలిక్కుల నమ్మకం ప్రకారం ఆదం నుంచి ప్రతి మనిషికీ జన్మపాపం అంటుకుంటుంది. మర్యమ్‌కు మాత్రం, ఆమె కడుపున పడిన తొలి క్షణం నుంచే, అది అంటలేదు. 1854 డిసెంబరు 8న తొమ్మిదో పయస్ పోపు దీన్ని కేథలిక్ మతంలో అఖీదాగా ప్రకటించాడు. నాలుగేళ్లకు చదువు రాని ఓ పిల్ల నోట అదే మాట రావడంతో ఆ ఫాదరీ నిర్ఘాంతపోయాడు. 1862లో ఆ ప్రాంతపు బిషపు విచారణ ముగించి నమ్మదగిందే అన్నాడు. 1907లో ఫిబ్రవరి 11 కేథలిక్కులందరి క్యాలెండర్లోకి వచ్చింది. 1993 నుంచి అదే రోజును ప్రపంచ రోగుల దినంగానూ జరుపుకుంటున్నారు.

రోగుల దినం ఎందుకంటే, ఆ గుహలో బెర్నదెత్ మట్టి తవ్విన చోట నీటి ఊట పుట్టింది. మన జమ్‌జమ్‌లా దాన్ని సీసాల్లో పట్టుకెళతారు. కోట్లమంది వెళ్లినా, పరీక్షలన్నీ దాటి చర్చి అధికారికంగా అద్భుతం అని ఒప్పుకున్న స్వస్థతలు ఇప్పటికి 70 పైచిలుకే. ఇంకో సంగతి. ఆ ఊట చూపించిన బెర్నదెత్ జబ్బు తగ్గలేదు. నన్ అయి, క్షయతో బాధపడి, 1879లో 35 ఏళ్లకే చనిపోయింది. 1933లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

మరి మన గుణదల? 1924లో అక్కడి అనాథాశ్రమాన్ని చూసుకునే ఆర్లాటి అనే ఇటలీ ఫాదరీ కొండ మీది గుహలో లూర్దు మాత విగ్రహం పెట్టాడు. అంతే మొదలు. తలనీలాలు, కొబ్బరికాయలు, కొండెక్కడం, మొక్కులు మాత్రం ఇటలీ నుంచి రాలేదు, ఫ్రాన్సు నుంచి రాలేదు. అవి కృష్ణ ఒడ్డు జనం తమ చేతుల్తో పట్టుకెళ్లినవి. ఇంద్రకీలాద్రికి వెళ్లే చేతులు, దర్గాలకు వెళ్లే చేతులు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర ముహర్రంలో రొట్టెలు మార్చుకునే చేతులు. అక్కడ మన రొట్టె పట్టుకునేవాళ్లలో ఎంతమంది క్రైస్తవులు, ఎంతమంది హిందువులు! వాళ్ల పెద్దలు కూడా వాళ్లను ఇంటి దగ్గర ఇలాగే నిలదీస్తారేమో.

నిలదీయడం క్రైస్తవుల లోపలా ఉంది. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు మేరీమాతకు మొక్కరు. దేవుడికీ మనిషికీ మధ్య ఈసా తప్ప ఇంకొకరెందుకంటారు. కేథలిక్కులేమో, ఆరాధన దేవుడికే, అమ్మకు గౌరవం మాత్రమే, మా కోసం ప్రార్థించమని అడుగుతామంతే అంటారు. చదువుతుంటే నవ్వొచ్చింది. జియారత్ వేరు, ఇబాదత్ వేరు అని మన ఇళ్లల్లో దస్తర్‌ఖాన్ మీద జరిగే బహస్ అచ్చం ఇదే.

*

తర్వాత ఖుర్ఆన్ తెరిచాను. ఎన్నిసార్లు తిలావత్ చేశానో, ఈసారి తర్జుమా నిదానంగా చదివాను. ఆలె ఇమ్రాన్ సూరా. ఇమ్రాన్ భార్య, మన పెద్దలు హన్నా అని చెప్పే ఆ తల్లి, కడుపులో ఉన్న బిడ్డను అల్లా సేవకు నజ్ర్ చేస్తుంది. కొడుకు పుడతాడనుకుంటే కూతురు పుట్టింది. ఆమె వెనక్కి తగ్గలేదు. మర్యమ్ అని పేరు పెట్టి, ఈ పిల్లనూ ఈమె సంతానాన్నీ షైతాన్ నుంచి నీ పనాహ్‌లో ఉంచమని అడుగుతుంది. అల్లా కబూల్ చేశాడు. బుఖారీ హదీస్‌లో అబూ హురైరా (రజి) చెబుతారు: పుట్టే ప్రతి బిడ్డనూ షైతాన్ తాకుతాడు, అందుకే బిడ్డ ఏడుస్తుంది, మర్యమ్‌నూ ఆమె కొడుకునూ తప్ప.

ఎంత దగ్గరి మాట! దగ్గరే కానీ ఒకటి కాదు. మనకు జన్మపాపం లేదు. ఆదం తౌబా చేశాడు, అల్లా మాఫ్ చేశాడు, ఆ లెక్క అక్కడే ముగిసింది. ఒకరి బరువు ఇంకొకరు మోయరు. అయినా రెండు మజ్‌హబ్‌లూ ఒకే పిల్ల పుట్టుక ముందు ఆగి, ఈమె వేరు అంటున్నాయి. ఖుర్ఆన్‌లో పేరుతో కనిపించే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఒక పూర్తి సూరాకే ఆమె పేరు.

ఆ రాత్రి నా గుండెకు తగిలింది ఇంకొకటి. మర్యమ్ కథ మొదలయ్యిందే ఒక తల్లి నజ్ర్‌తో. అయితే హన్నా తన నజ్ర్‌ను నేరుగా అల్లాకే చెప్పుకుంది. తమ్ముడి మాటలో నిజం అక్కడుంది. అమ్మీ కన్నీళ్లలో నిజం ఇంకోచోట ఉంది.

*

జుమా తర్వాత అమ్మీని వెంటబెట్టుకుని మౌల్వీ సాబ్ దగ్గరికి వెళ్లాం. తమ్ముడూ వచ్చాడు. ఆయన మొత్తం విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. తర్వాత అడిగారు:

"అమ్మా, ఆ రోజు ముందుగా ఎవర్ని పిలిచారు?"

"అల్లాను, సాబ్."

"నజ్ర్ ఇబాదత్. అది అల్లాకే. బిడ్డనివ్వడం, షిఫా ఇవ్వడం మర్యమ్ అలైహస్సలామ్ చేతిలో లేదు. మీరు ఆమెను పిలిచి అడిగినంతవరకూ తౌబా చెయ్యాలి, చేశారు, అల్లా తవ్వాబ్. అక్కడ జుట్టు ఇవ్వడం మన దీన్‌లో ఇబాదత్ కాదు, కాబట్టి ఆ మాట తీర్చాల్సింది కాదు. మీరు బాకీ లేరు. అయినా మీ గుండె నిమ్మళం కోసం, ఎహ్తియాత్‌గా, కసమ్‌కు ఇచ్చే కఫ్ఫారా ఇచ్చెయ్యండి. పదిమంది మిస్కీన్లకు రెండు పూటలా కడుపునిండా భోజనం. ఇరవై నాలుగేళ్ల తల్లి, చావుబతుకుల్లో బిడ్డ. ఆ రోజు మీ గుండెలో ఏముందో మాకన్నా ఆయనకు బాగా తెలుసు."

అమ్మీ దుపట్టాలో ముఖం దాచుకుని ఏడ్చింది. నలభై ఆరేళ్ల ఏడుపు.

లేచి వస్తుంటే మౌల్వీ సాబ్ వెనక్కి పిలిచారు. "ఒక బాకీ మాత్రం ఉంది. ఆ నర్సమ్మ గారు. మనుషులకు షుక్రియా చెప్పనివాడు అల్లాకూ చెప్పనట్టేనని ప్రవక్త (స) నేర్పారు. ఆమెకు చెప్పారా?"

అమ్మీ తల అడ్డంగా ఊపింది. ఆ ఇంటి వాళ్లు మరుసటి ఏడాదే ఖాళీ చేసి వెళ్లిపోయారట. అబ్బా ఆమెతో మాట్లాడటం మానేశాడట.

*

పదిమందికీ మా ఇంట్లోనే రెండు పూటలా భోజనం పెట్టాం. పగలు ఖిచిడీ, ఖీమా, ఖట్టా. రాత్రి బగారా అన్నం, దాల్చా. వడ్డించింది తమ్ముడే, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

నర్సమ్మ గారిని వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. పాత ఇంటి ఓనరు కొడుకు ఎవరికో ఫోన్ చేస్తే, వాళ్లు ఇంకెవరికో చేసి, చివరికి అడ్రసు దొరికింది. కూతురి దగ్గర ఉంటున్నారు. ఎనభై దాటాయి. చూపు సరిగ్గా ఆనడం లేదు. అమ్మీ ఒక టిఫిన్ క్యారియర్ నిండా ఖీర్ పట్టుకుంది. తమ్ముడు కారు నడిపాడు కానీ, లోపలికి రానని బయటే ఉండిపోయాడు.

అమ్మీ ఆమె పక్కన మంచం మీద కూచుని, రెండు చేతులూ పట్టుకుని, కథంతా మొదటి నుంచీ చెప్పింది. ఆసుపత్రి, కొండ, గుండు, అబ్బా కోపం. చివరికి, "మీకు షుక్రియా కూడా చెప్పలేదమ్మా. మా ఆయన మీతో ముఖం తిప్పుకున్నాడు. కహా సునా మాఫ్ కరో" అంది.

ఆమె చాలాసేపు ఆలోచించి అంది: "ఏమనుకోకు తల్లీ, నాకు గుర్తు రావడం లేదు. డ్యూటీలో ఉన్నప్పుడు అట్టా ఎంతమందిని తీసుకెళ్లానో. బిడ్డల తల్లులు కదా, ఏడుస్తుంటే చూడలేకపోయేదాన్ని."

అమ్మీ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నలభై ఆరేళ్లు మోసిన బరువు, అవతలి మనిషికి గుర్తే లేదు!

"ఇంతకీ పిల్లాడు బతికాడా?" అంది ఆమె.

"బతకడమేంటమ్మా, ఇడుగో" అని అమ్మీ నన్ను ముందుకు లాగింది. ఆమె మసక చూపుతో తడుముకుంటూ నా తల మీద చెయ్యి పెట్టింది. నాకు ముప్పై ఐదు దాటేసరికే బట్టతల వచ్చింది. నున్నటి తల తగిలి ఆ చెయ్యి ఆగిపోయింది.

"మళ్లీ గుండు చేయించారా?"

"లేదమ్మా" అంది అమ్మీ. "నేను ఇవ్వలేదని అల్లాయే మొత్తం తీసేసుకున్నాడు."

ఇద్దరు ముసలమ్మలూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. ఆ నవ్వు విని తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. ఆమె కూతురు టీ ఇచ్చింది. వాడు ఒక్క క్షణం తటపటాయించి, చెప్పులు విడిచి లోపలికొచ్చి కూచుని తాగాడు. వెళ్లేటప్పుడు ఆమెతో, "అమ్మా, మా అన్న కోసం ఆ రోజు మీరు నిలబడ్డారు. అల్లా మీకు సేహత్ ఇవ్వాలి" అన్నాడు. ఆమె, "ఆమెన్ బాబూ" అంది. వాడూ "ఆమీన్" అన్నాడు.

కొండ ఎక్కలేదు. ఎక్కాల్సిన పనీ లేదు. తిరిగొస్తుంటే కారు అద్దంలోంచి కాసేపు కనిపించింది. తిరునాళ్లు ముగిసి, మెట్ల మీద ఎవరో ఒకరిద్దరు దిగుతున్నారు.

ఇంటికి రాగానే మర్యమ్ నోటుబుక్కు తెచ్చి అమ్మీ ముందు పెట్టింది. ఆ వరుస మీద అమ్మీ తనే కలం పట్టుకుని, వణికే చేత్తో గీత కొట్టింది. తర్వాత నా కూతుర్ని దగ్గరికి తీసుకుని, "నీకీ పేరు ఎందుకు పెట్టించానో ఇప్పుడు తెలిసిందా?" అని అడిగింది.

రంజాన్ ఈద్ అయ్యాక అమ్మీ ప్రయాణం. మీ దువాల్లో ఆమెను గుర్తుంచుకోండి. ఇది చదువుతున్నవాళ్లలో మా ఇంటివాళ్లు ఎవరి మనసైనా నొప్పించి ఉంటే, కహా సునా మాఫ్ కరో.